క్లూనీ మఠం: ‘సంస్కరణ’ అనే పేరుపై ఒక విమర్శ

మధ్యయుగ ఐరోపా చరిత్ర పాఠ్యగ్రంథాలు క్లూనీ మఠానికి సాధారణంగా ఒక పేరా కేటాయిస్తాయి. 910లో ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతంలో ఆ మఠం ఏర్పడిందనీ, భూస్వామ్య ప్రభువుల జోక్యం నుంచి అది స్వేచ్ఛ పొందిందనీ, దిగజారిన మఠజీవితాన్ని సంస్కరించిందనీ, పోప్ ఏడో గ్రెగరీ చేపట్టిన చర్చి సంస్కరణలకు బాట వేసిందనీ అందులో ఉంటుంది. పరీక్షల్లో విద్యార్థులు రాసేది కూడా ఇదే. రాసినవారికి మార్కులు వస్తున్నాయి. ఈ పేరాలో పచ్చి అబద్ధమంటూ ఏమీ లేదు. అయితే ‘స్వేచ్ఛ’, ‘సంస్కరణ’ అనే రెండు మాటలనూ మనం ఎవరి నోటి నుంచి తీసుకుంటున్నామో ఆ పేరా చెప్పదు. అవి క్లూనీ తన గురించి తాను చెప్పుకున్న మాటలు. ఒక సంస్థ తనకు తాను ఇచ్చుకున్న యోగ్యతాపత్రాన్ని చరిత్రకారుడు ఉన్నదున్నట్లు నకలు చేయవచ్చునా అన్నది ఈ పాఠంలో మనం పరిశీలించే విషయం.

ముందుగా ఒక మాట. ‘మఠం’ అనగానే తెలుగు పాఠకుడికి పీఠాధిపతి, శిష్యులు, పూజలు ఉండే హిందూ మఠం మనసులో మెదులుతుంది. ఈ పాఠంలో ఆ మాటను వేరే మాట లేక వాడుతున్నాం. బెనెడిక్టన్ మఠం అంటే ఒకే కప్పు కింద, ఒకే నియమావళికి లోబడి, జీవితాంతం అదే చోట ఉంటామని ప్రమాణం చేసిన సన్యాసుల సమాజం. అది ప్రార్థనాస్థలం, నివాసం, పాఠశాల, గిడ్డంగి. వీటన్నిటితోపాటు అది భూస్వామి కూడా. ఈ చివరి సంగతి మరిచిపోతే క్లూనీ చరిత్ర అర్థం కాదు.

బెనెడిక్ట్ (సుమారు 480–547) ఇటలీలోని మోంటే కాసినోలో రచించిన నియమావళిలో 73 అధ్యాయాలున్నాయి. అందులో సన్యాసి దినచర్య మూడు పాళ్లుగా ఉంటుంది: సామూహిక ప్రార్థన, చేతులతో చేసే పని, పఠనం. బెనెడిక్టన్ల నినాదంగా మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే ‘ప్రార్థన, శ్రమ’ అన్న జంటపదం ఆ నియమావళిలో ఎక్కడా లేదు. అది తరవాతి కాలంలో కుదిర్చిన మాట. అయినా శ్రమకు బెనెడిక్ట్ ఇచ్చిన స్థానం నిజమైనదే. సోమరితనం ఆత్మకు శత్రువని ఆయన గట్టిగానే చెప్పాడు. క్లూనీ ఈ నియమావళిని పాటించినట్లు చెప్పుకుంటూనే ఆ మూడు పాళ్లలో దేన్ని పెంచి, దేన్ని తుంచిందో మున్ముందు చూద్దాం.

దానపత్రంలో ఏముంది?

తొమ్మిదో శతాబ్ది చివరి నాటికి ఐరోపాలో మఠాల పరిస్థితి బాగా లేదు. ఉత్తరం నుంచి వైకింగులు, తూర్పు నుంచి మగ్యార్లు, దక్షిణాన మధ్యధరా తీరంలో అరబ్బులు దాడులు చేస్తున్నారు. దానికన్నా పెద్ద ఇబ్బంది ఇంట్లోనే ఉంది. మఠం స్థాపించిన కుటుంబం దాన్ని తన సొంత ఆస్తిగా చూసేది. మఠాధిపతి పదవిలో సన్యాసి కాని ప్రభువే కూర్చునేవాడు. మఠం ఆదాయంతో సైనికులను పోషించేవాడు.

ఈ నేపథ్యంలో అక్విటేన్ ప్రభువు విలియం, మాకోన్ పట్టణానికి చేరువలో ఉన్న తన క్లూనీ ఎస్టేటును దానం చేశాడు. దానపత్రం బూర్జ్ నగరంలో రాయబడింది. విలియం భార్య ఇంగెల్‌బెర్గా కూడా అందులో భాగస్వామి. దానం పుచ్చుకున్నది పీటర్, పాల్ అనే ఇద్దరు అపొస్తలులు. అంటే చట్టప్రకారం ఆ భూమికి యజమానులు ఎనిమిది శతాబ్దాల కిందట చనిపోయిన ఇద్దరు సెయింట్లు. మొదటి మఠాధిపతి బెర్నో. ఆయన తరవాత సన్యాసులే తమలో ఒకరిని ఎన్నుకోవాలి. దాత గాని, దాత బంధువులు గాని, రాజు గాని వారిపై అధికారం చెలాయించకూడదు. పోప్ సైతం మఠం ఆస్తిని కాపాడాలే తప్ప ముట్టుకోకూడదు. ఐదేళ్లకొకసారి రోమ్‌లోని అపొస్తలుల చర్చిలో దీపాల ఖర్చుకు పది సాలిడస్ నాణేలు పంపితే చాలు. ఈ ఏర్పాటును ఉల్లంఘించిన వారిపై పత్రం శాపాల వర్షం కురిపిస్తుంది. భూమి నోరు తెరిచి మింగిన దాతాను, అబీరాముల గతి, జుదాసు గతి పడుతుందని హెచ్చరిస్తుంది. పరలోక శిక్షతో ఆగకుండా ఇహలోకంలో నూరు పౌన్ల బంగారం జరిమానా కూడా విధిస్తుంది.

అసాధారణమైన పత్రమే. అయితే విలియం ఎందుకింత ఉదారంగా ప్రవర్తించాడు? లోకాన్ని త్యజించిన వారిని పోషిస్తే వారి పుణ్యంలో తనకూ వాటా దక్కుతుందన్నది పత్రంలో ఉన్న కారణం. దీన్ని కపటమని కొట్టివేయనక్కర లేదు. ఆ కాలంలో ప్రభువులకు నరకభయం నిజమైన భయం. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 918లో విలియం మరణించినప్పుడు వారసత్వం మేనల్లుడికి వెళ్లింది, కొడుకులు మిగలలేదు. ఇలాంటి వ్యక్తి భూమిని అపొస్తలులకు అప్పగించడానికీ, నలుగురు కొడుకులున్న ప్రభువు అప్పగించడానికీ తేడా ఉంటుంది.

విద్యార్థులు తప్పక ఆగి చదవవలసిన భాగం దానపత్రంలో మరొకటుంది. అది ఆస్తుల జాబితా. గ్రామాలు, ప్రార్థనామందిరాలు, బానిసలు (ఆడవారు, మగవారు), ద్రాక్షతోటలు, పొలాలు, పచ్చికబయళ్లు, అడవులు, నీళ్లు, మరలు. జాబితా వరస ఇది. సన్యాసులకు ప్రభువుల నుంచి స్వేచ్ఛ ప్రసాదించిన పత్రమే ఆ ఊరి మనుషులను ద్రాక్షతోటలతో కలిపి చేతులు మార్చింది. ఈ సంగతిని ఎత్తిచూపడం పదో శతాబ్దిని నేటి విలువలతో కొలవడమని కొందరు అభ్యంతరం చెబుతారు. ఆ అభ్యంతరానికి కొంత బలం ఉంది. విలియం దుర్మార్గుడని తీర్పు చెబితే అది చరిత్ర కాదు. కాని ‘క్లూనీ స్వేచ్ఛ’ అని మనం రాసేటప్పుడు అది ఎవరి స్వేచ్ఛో చెప్పకపోతే అదీ చరిత్ర కాదు.

నలుగురు దీర్ఘాయుష్కులు

క్లూనీ ఎదుగుదలకు దానపత్రం ఎంత కారణమో, మఠాధిపతుల ఆయుర్దాయం కూడా అంత కారణం. ఈ విషయాన్ని పాఠ్యపుస్తకాలు పట్టించుకోవు. ఓడో 927 నుంచి 942 వరకు, మయోలుస్ 954 ప్రాంతం నుంచి 994 వరకు, ఓడిలో 994 నుంచి 1049 వరకు, హ్యూ 1049 నుంచి 1109 వరకు మఠాన్ని నడిపారు. చివరి ఇద్దరి పాలనాకాలమే 115 ఏళ్లు. అదే కాలంలో ఎంతమంది పోపులు, రాజులు వచ్చిపోయారో లెక్క వేసుకుంటే ఈ స్థిరత్వం విలువ తెలుస్తుంది. పక్క ఎస్టేటు ప్రభువు చనిపోతే కొడుకులు భూమిని పంచుకుంటారు. మఠం చనిపోదు, పంచుకోదు.

931లో పోప్ పదకొండో జాన్ ఓడోకు ఒక ముఖ్యమైన హక్కు ఇచ్చాడు. సంస్కరణ కోరే ఇతర మఠాలను క్లూనీ తన పర్యవేక్షణలోకి తీసుకోవచ్చు. ఆ హక్కుతో ఓడో ఫ్లూరీ మఠానికి వెళ్లినప్పుడు అక్కడి సన్యాసులు కత్తులు, రాళ్లు పట్టుకుని ఎదురు తిరిగారనీ, ఆయన గాడిదనెక్కి ఒంటరిగా వచ్చేసరికి లొంగిపోయారనీ శిష్యుడు జాన్ రాశాడు. కథ బాగుంది. కాని రాసినవాడు శిష్యుడు. ఫ్లూరీ సన్యాసులు చెప్పుకున్న కథ మన చేతికి రాలేదు. బయటివారు వచ్చి తమను ‘సంస్కరిస్తాం’ అంటే రాళ్లు పట్టుకున్నవారు నిజంగా దుర్వ్యసనపరులా, లేక తమ ఆచారాన్ని కాపాడుకోవాలనుకున్న మామూలు సన్యాసులా? సంస్కరణోద్యమాల చరిత్ర ఎక్కడైనా గెలిచినవారి కలంతోనే మొదలవుతుంది.

998లో క్లూనీకి స్థానిక బిషప్ అధికారం నుంచి మినహాయింపు వచ్చింది. 1024లో అది ఎక్కడున్న క్లూనీ సన్యాసికైనా వర్తించేలా విస్తరించింది. మరుసటి ఏడాది అన్స్‌లో సమావేశమైన బిషప్పులు దీన్ని తీవ్రంగా ఖండించారు. లాన్ బిషప్ అడల్‌బెరో ఓడిలోను రాజుగా చిత్రించి వ్యంగ్యకావ్యం రాశాడు. బిషప్పుల కోపానికి అసూయ ఒక్కటే కారణమని క్లూనీ అభిమానులు రాస్తారు. అసూయ ఉండే ఉంటుంది. కాని ఒక ప్రాంతంలో ఉంటూ ఆ ప్రాంతపు ఏ అధికారికీ జవాబు చెప్పనవసరం లేని సంస్థ పెరిగిపోతుంటే కలిగే ఆందోళనను అసూయ అని కొట్టివేయలేం.

క్లూనీ వ్యవస్థలో కొత్తదనం దాని నిర్మాణంలో ఉంది. బెనెడిక్ట్ దృష్టిలో ప్రతి మఠం ఒక స్వతంత్ర కుటుంబం, మఠాధిపతి దానికి తండ్రి. క్లూనీ తన కిందికి వచ్చిన చాలా మఠాల్లో మఠాధిపతి పదవినే తీసివేసి ‘ప్రయర్’ అనే అధికారిని నియమించింది. తండ్రి ఒక్కడే. ఆయన క్లూనీలో ఉంటాడు. ఇంగ్లండులోని లూయిస్‌లో 1077లో స్థాపించిన ప్రయరీ మొదలు స్పెయిన్, ఇటలీల దాకా ఈ శాఖలు విస్తరించాయి. 1055లో హ్యూ మార్సిన్యీలో స్త్రీలకు ప్రత్యేకంగా మఠం ఏర్పాటు చేశాడు. ప్రభువుల జోక్యం లేకుండా మఠాన్ని ఉంచాలని మొదలైన ఉద్యమం చివరికి ప్రభువు–సామంతుడి సంబంధాన్ని మఠాల మధ్యకే తెచ్చిపెట్టింది. భూస్వామ్య వ్యవస్థకు క్లూనీ ప్రత్యామ్నాయమని రాసేవారు ఈ నిర్మాణాన్ని ఒకసారి గీసి చూసుకోవడం మంచిది.

పాట, మౌనం, మృతులు

బెనెడిక్ట్ నియమావళి ప్రకారం బైబిల్లోని 150 కీర్తనలను వారంలో పూర్తి చేయాలి. క్లూనీలో కొన్ని రోజుల్లో నూరుకు పైగా కీర్తనలు ఒక్కరోజులోనే పాడేవారు. వాటికి తోడు ఊరేగింపులు, సెయింట్ల పండుగలు, మృతుల కోసం చేసే ప్రార్థనలు. దినచర్యలో ప్రార్థన పెరిగినకొద్దీ చేతిపని తగ్గి, చివరికి నామమాత్రమైంది. తోటలో కాసేపు కలుపు తీయడం, చిక్కుడుకాయలు ఒలవడం వంటివే శ్రమగా మిగిలాయి. పొలాలు దున్నినవారు వేరే ఉన్నారు. వారిని జాబితాలో ముందే చూశాం.

మౌనం విషయంలో క్లూనీ ఎంత పట్టుదలగా ఉండేదంటే, సన్యాసులు సైగలతో మాట్లాడుకోవడానికి ఒక పట్టికే తయారైంది. పాలు కావాలంటే చిటికెనవేలు పెదవులకు ఆనించాలి, పసిబిడ్డ పాలు తాగినట్లు. చేప కావాలంటే నీటిలో తోక ఆడినట్లు చేయి ఆడించాలి. క్రైస్తవేతర రచయిత పుస్తకం కావాలంటే పుస్తకం సైగ చేసి, తరవాత కుక్క కాలితో గోక్కున్నట్లు వేలితో చెవి తాకాలి. ఇందులో హాస్యం ఉంది, ధిక్కారమూ ఉంది. అయినా ఆ సైగ అవసరమైందంటే ఆ పుస్తకాలు గ్రంథాలయంలో ఉన్నాయనీ, ఎవరో అడిగి చదువుతున్నారనీ అర్థం. ఒక్క చిన్న ఆధారం ఎన్ని విషయాలు చెబుతుందో గమనించండి.

క్లూనీ ప్రభావాల్లో అన్నిటికన్నా దీర్ఘకాలం నిలిచింది మృతుల స్మరణ అని నా అభిప్రాయం. నవంబరు 2న మరణించిన విశ్వాసులందరి కోసం ప్రార్థించే ఆచారాన్ని తమ శాఖలన్నిటిలో నెలకొల్పింది ఓడిలో. అక్కడి నుంచి అది కతోలిక చర్చి అంతటా వ్యాపించింది. ఏటా అదే తేదీన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల కతోలికులు సమాధులు శుభ్రం చేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగకు మూలం కూడా ఇదే. క్లూనీ పేరు వినని వారు సైతం ఆ మఠం వేసిన పంచాంగాన్ని పాటిస్తున్నారు. గ్రెగరీ సంస్కరణలపై క్లూనీ ప్రభావం ఎంత అనే ప్రశ్నకు పేజీలకు పేజీలు కేటాయించే పుస్తకాలు దీనికి ఒక వాక్యం కూడా ఇవ్వకపోవడం వింతగా ఉంటుంది.

మృతుల స్మరణకు ఒక ఆర్థిక పార్శ్వం ఉంది. ప్రతి సన్యాసి వర్ధంతి రోజున అతని పేరిట ఒక పేదవాడికి అన్నం పెట్టాలి. మృతుల పట్టిక ఏటా పెరుగుతుందే గాని తగ్గదు. కొన్ని తరాలు గడిచేసరికి ఒక్కో తేదీన పదుల పేర్లు చేరాయి. పన్నెండో శతాబ్దిలో మఠాధిపతి పీటర్ ఈ అన్నదానాన్ని రోజుకు యాభై మందికి పరిమితం చేయవలసి వచ్చింది. లేకపోతే చనిపోయినవారు బతికున్న సన్యాసులను మఠం నుంచి వెళ్లగొట్టే పరిస్థితి. దాతృత్వం నిజమైనదే. అది నిజమైనది కాబట్టే లెక్క తప్పింది.

బంగారం ఎక్కడిది?

1088లో హ్యూ మూడో చర్చి నిర్మాణం మొదలుపెట్టాడు. 1095 అక్టోబరులో పోప్ రెండో అర్బన్ వచ్చి ప్రధాన బలిపీఠాన్ని ప్రతిష్ఠించాడు. ఆయన పోప్ కాకముందు క్లూనీలో ప్రయర్‌గా ఉన్నవాడే. మరుసటి నెలలో క్లెర్‌మాంట్‌లో ఆయనే మొదటి క్రూసేడుకు పిలుపునిచ్చాడు. ముందరి మంటపంతో కలిపి చర్చి పొడవు సుమారు 187 మీటర్లు. రోమ్‌లో కొత్త సెయింట్ పీటర్స్ చర్చి కట్టేవరకు, అంటే నాలుగు శతాబ్దాలకు పైగా, క్రైస్తవ ప్రపంచంలో దీన్ని మించిన కట్టడం లేదు.

దీనికి డబ్బు చాలావరకు స్పెయిన్ నుంచి వచ్చింది. లియోన్–కాస్టీల్ రాజు ఫెర్డినాండ్ క్లూనీకి ఏటా వెయ్యి బంగారు నాణేలు పంపే ఏర్పాటు చేశాడు. ఆయన కొడుకు ఆరో అల్ఫోన్సో 1077లో దాన్ని రెండు వేలు చేశాడు. ఆ బంగారం కాస్టీల్ గనుల్లో దొరికింది కాదు. దక్షిణ స్పెయిన్‌లోని చిన్న చిన్న ముస్లిం రాజ్యాలు శాంతి కోసం చెల్లించిన కప్పం అది. క్రైస్తవ ప్రపంచపు అతిపెద్ద చర్చి గోడల్లో ముస్లిం రైతుల, వర్తకుల పన్ను ఉంది. ఆఫ్రికా నుంచి అల్మొరావిద్‌లు వచ్చి ఆ చిన్న రాజ్యాలను కలిపేసుకోగానే కప్పం ఆగింది. అల్ఫోన్సో కానుకలు సన్నగిల్లాయి. కట్టడం మాత్రం సగంలో ఉంది.

జార్జ్ డ్యూబీ అనే ఫ్రెంచి చరిత్రకారుడు ఈ ఘట్టాన్ని ఆర్థిక దృష్టితో వివరించాడు. చేతిలో బంగారం ఉన్న రోజుల్లో క్లూనీ తన పొలాల మీద శ్రద్ధ తగ్గించి, ధాన్యం, బట్ట బజారులో కొనడానికి అలవాటు పడింది. బంగారం ఆగిపోయేసరికి పొలాలు అంతమందిని పోషించే స్థితిలో లేవు. అప్పులు మొదలయ్యాయి. హ్యూ తరవాత మఠాధిపతి అయిన పోన్స్ 1122లో రాజీనామా చేసి తూర్పు దేశాలకు వెళ్లిపోయాడు. 1126లో తిరిగి వచ్చి ఆయుధాలు పట్టిన అనుచరులతో మఠాన్ని ఆక్రమించాడు. రోమ్‌కు పిలిపించి బంధించగా అక్కడే మరణించాడు. పాత పుస్తకాలు దీన్ని పోన్స్ గర్వానికి ఆపాదిస్తాయి. ఖజానా పరిస్థితి చూస్తే ఒక మనిషి స్వభావం మీద మోయలేనంత భారం మోపామేమో అనిపిస్తుంది.

బెర్నార్డ్ విమర్శకు ఎంత విలువ?

క్లూనీని విమర్శించినవారిలో అగ్రగణ్యుడు క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్. ఆయన 1098లో స్థాపితమైన సీటో మఠపు శాఖకు చెందినవాడు. సుమారు 1125లో రాసిన ‘అపొలోజియా’లో క్లూనీ సన్యాసుల వంటకాలను, మేలైన దుస్తులను, అంతులేని ఎత్తు చర్చిలను, స్తంభాలపై చెక్కిన వింతమృగాలను ఎత్తిపొడిచాడు. చర్చి గోడలు మెరుస్తుంటే పేదలు ఆకలితో ఉన్నారన్నది ఆయన వాదనలో పదునైన అంశం. ఆ వింతమృగాలను ఎంత నిశితంగా వర్ణించాడంటే, వాటిని చూసి ఆయన కూడా చాలాసేపు నిలబడిపోయి ఉంటాడని కళాచరిత్రకారులు చమత్కరిస్తుంటారు.

బెర్నార్డ్ విమర్శను యథాతథంగా స్వీకరించడం కూడా తొందరపాటే. ఆయన దగ్గరి బంధువు రాబర్ట్ సీటో పద్ధతిలోని కాఠిన్యం తట్టుకోలేక క్లూనీకి వెళ్లిపోయాడు. ఆ కోపం ఆయన రాతల్లో ఉంది. మరీ ముఖ్యంగా, చేతిపనిని తిరిగి తెచ్చామన్న సీటో శాఖ ఆ పనిలో ఎక్కువ భాగాన్ని గాయకస్థానంలో చోటు లేని, చదువు లేని ‘సోదరుల’కు అప్పగించింది. వారు మఠంలోనే ఉంటారు గాని సన్యాసులతో సమానులు కారు. శ్రమ గౌరవం గురించి క్లూనీని నిలదీసినవారు శ్రమను ఎవరి మీద మోపారో చూడాలి.

బెర్నార్డ్‌కు జవాబిచ్చినవాడు పీటర్. ‘పూజ్యుడు’ అనే బిరుదుతో ప్రసిద్ధుడైన ఈయన 1122 నుంచి 1156 వరకు మఠాధిపతి. సన్యాసులకు గ్రామాలూ, వాటిలో పనిచేసే మనుషులూ ఎందుకన్న ప్రశ్నకు ఆయన ఒక లేఖలో సమాధానమిచ్చాడు. ప్రభువులు రైతుల నుంచి న్యాయమైన బకాయిలతో ఆగక ఏడాదికి మూడు నాలుగు సార్లు గుంజుకుంటారనీ, సన్యాసులు న్యాయంగా రావలసినదే తీసుకుని తమ మనుషులను అన్నదమ్ములుగా, అక్కచెల్లెళ్లుగా చూస్తారనీ ఆయన వాదన. ఇది పూర్తిగా అబద్ధమని చెప్పే ఆధారం లేదు. మఠం కింద బతుకు కొంత మేలని రైతులు కూడా అనుకుని ఉండవచ్చు. కాని ఈ మాటలు చెబుతున్నది యజమాని. రైతు ఉత్తరం రాయలేదు.

పీటర్: రెండు ముఖాలు కావు, ఒకటే

క్లూనీ మఠాధిపతుల్లో నేటి పాఠకులకు బాగా నచ్చేవాడు పీటర్. 1140లో మతవిరోధిగా శిక్ష పడిన తత్త్వవేత్త పీటర్ అబెలార్డ్‌కు ఆశ్రయమిచ్చి, బెర్నార్డ్‌తో రాజీ కుదిర్చాడు. 1142లో అబెలార్డ్ మరణిస్తే హెలోయీజ్‌కు ఎంతో ఆర్ద్రమైన లేఖ రాశాడు. విన్‌చెస్టర్ బిషప్ హెన్రీ సహాయంతో మఠం ఆస్తులను లెక్క కట్టించి, ఏ గ్రామం ఎంత ధాన్యం, ఎంత ద్రాక్షసారా ఇవ్వాలో నిర్ణయించాడు. 1142–43లో స్పెయిన్‌కు వెళ్లినప్పుడు ఖురాన్‌ను లాటిన్‌లోకి అనువదింపజేశాడు. అనువాదకుడు కెటన్‌కు చెందిన రాబర్ట్. ముహమ్మద్ అనే ముస్లిం కూడా ఆ బృందంలో ఉన్నాడు. 1143లో ముగిసిన ఈ పని లాటిన్ ఐరోపాలో ఖురాన్‌కు మొదటి పూర్తి అనువాదం. ముస్లింలతో ఆయుధాలతో గాక మాటలతో తలపడాలన్నది పీటర్ ఉద్దేశం.

ఇక్కడే ఆగి ఆయనను సహనశీలిగా చిత్రించే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ అనువాదం ఇస్లాంను ఖండించడానికి చేయించిందన్న సంగతి వాటిలో వెనకపడుతుంది. యూదులకు వ్యతిరేకంగా ఆయన రాసిన గ్రంథం చాలా కర్కశమైనది. రెండో క్రూసేడు ముందు ఫ్రెంచి రాజు ఏడో లూయీకి రాసిన లేఖలో యూదులను చంపవద్దంటూనే వారి సంపద లాక్కుని యుద్ధానికి వాడమని సలహా ఇచ్చాడు. అప్పటికి క్లూనీ అప్పుల్లో ఉందనీ, అప్పిచ్చినవారిలో యూదులు కూడా ఉన్నారనీ తెలిస్తే ఆ సలహా వెనక వేదాంతం ఒక్కటే లేదని అర్థమవుతుంది.

డొమినిక్ ఇయోన్యా–ప్రా అనే చరిత్రకారుడు 1998లో వెలువరించిన గ్రంథంలో ఈ రెండు పార్శ్వాలనూ కలిపి చూశాడు. క్రైస్తవ సమాజాన్ని లోపల ఒక క్రమంలో పెట్టే పని, ఆ క్రమంలో ఇమడని వారిని వెలివేసే పని వేరువేరు కావన్నది ఆయన వాదం. అబెలార్డ్‌ను చేరదీసిన పీటర్, యూదులను దూషించిన పీటర్ ఒకే మనిషి. చేరదీయదగినవాడు ఎవడో నిర్ణయించే అధికారం తనదేనని ఆయన రెండు చోట్లా అనుకున్నాడు. ఈ వాదం నాకు ఒప్పుదలగా ఉంది.

గ్రెగరీ సంస్కరణలకు క్లూనీ కారణమా?

పందొమ్మిదో శతాబ్ది చివర ఎర్నస్ట్ సాకుర్ మొదలు అనేకులు ఈ ప్రశ్నను చర్చించారు. మఠానికి స్వేచ్ఛ కోరిన క్లూనీయే క్రమంగా చర్చి మొత్తానికి స్వేచ్ఛ కోరిందన్న అభిప్రాయం చాలాకాలం చెల్లుబాటైంది. ఏడో గ్రెగరీ స్వయంగా క్లూనీ సన్యాసి అని కూడా కొందరు రాశారు. దానికి గట్టి ఆధారం లేదు. 1936లో గెర్డ్ టెలెన్‌బాఖ్ ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించాడు. రాజుల కాలంలో, రాజుల సహాయంతో పెరిగిన క్లూనీకి లోకవ్యవస్థను తలకిందులు చేసే ఉద్దేశం లేదని ఆయన అన్నాడు.

1077 జనవరిలో కనోస్సాలో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. పోప్ గ్రెగరీ, జర్మనీ రాజు నాలుగో హెన్రీ ఎదురెదురుగా నిలిచిన ఆ ఘట్టంలో హ్యూ కూడా ఉన్నాడు. ఆయన హెన్రీకి జ్ఞానపిత. పోప్‌కు మిత్రుడు. ఆయన పోరాటయోధుడుగా గాక మధ్యవర్తిగా నిలిచాడు. రెండువైపుల నుంచీ దానాలు అందుకునే సంస్థకు అది సహజమైన స్థానం. కాబట్టి పరీక్షలో ‘క్లూనీ గ్రెగరీ సంస్కరణలకు దారితీసింది’ అని రాయడం కన్నా, ఆ సంస్కరణలకు అనుకూలమైన మనుషులను, వాతావరణాన్ని అందించిందని రాయడం సరైనది.

ఇటీవలి పరిశోధనకు మూలం క్లూనీ దానపత్రాలే. 1876–1903 మధ్య ఆరు సంపుటాల్లో అచ్చయిన ఈ పత్రాలు ఐదు వేలకు పైనే. బార్బరా రోజెన్‌వైన్ వీటిని ఓపికగా చదివి 1989లో ఒక గ్రంథం ప్రకటించింది. ఒక కుటుంబం భూమి ఇస్తుంది. మనవలు అది మాదేనని దావా వేస్తారు. మఠం కొంత ముట్టజెబుతుంది. వాళ్లు మళ్లీ అదే భూమి దానం చేస్తారు. దీన్ని మోసమనో అత్యాశ అనో పూర్వులు రాశారు. రోజెన్‌వైన్ మాత్రం ఈ ఇచ్చిపుచ్చుకోవడమే సెయింట్ పీటర్‌తో ఇరుగుపొరుగు బంధాన్ని నిలిపిందని చూపింది. భూమి చేతులు మారడం కన్నా, ఆ పేరుతో కలుసుకుంటూ ఉండటం ముఖ్యం. దానపత్రాలను ఇంత సూక్ష్మంగా చదివిన గ్రంథాలు తక్కువ. ఒక్క లోటు మాత్రం ఉంది. ఈ ఇరుగుపొరుగు అంతా భూమి ఇవ్వగలిగినవారే. ఇచ్చిన భూమితోపాటు చేతులు మారినవారు ఆ బంధంలో ఎక్కడున్నారో తెలుసుకోవడానికి మళ్లీ డ్యూబీ దగ్గరికే వెళ్లాలి.

తరవాతి కథను త్వరగా ముగించవచ్చు. మఠాధిపతి పదవి క్రమంగా రాజు ఇచ్చే ఆదాయవనరుగా మారింది. 1629లో మంత్రి రిషెల్యూ కూడా ఆ పదవి పుచ్చుకున్నాడు. విలియం దానపత్రం ఏ దుస్థితిని నివారించాలని శాపాలు పెట్టిందో సరిగ్గా ఆ దుస్థితికే మఠం తిరిగి చేరింది. ఫ్రెంచి విప్లవకాలంలో 1790లో మఠం మూతపడింది. 1798లో చర్చిని అమ్మేశారు. కొన్నవారు దాన్ని రాళ్ల గనిగా వాడుకున్నారు. నెపోలియన్ కాలంలో ఆ స్థలంలో కొంత భాగాన్ని గుర్రాల పెంపక కేంద్రానికి కేటాయించారు. 1928 నుంచి అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ జాన్ కోనంట్ తవ్వకాలు జరిపి, పోయిన చర్చి కొలతలను కాగితం మీదికి తెచ్చాడు. ఇప్పుడు నిలిచి ఉన్నది దక్షిణపు అడ్డసాల, దానిపై ఒక గోపురం, మరికొన్ని గోడలు. విలియం దానపత్రం పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

అభ్యాసం: పైన ఇచ్చిన ఆస్తుల జాబితాను, బెర్నార్డ్‌కు పీటర్ ఇచ్చిన సమాధానాన్ని పక్కపక్కన పెట్టి, ‘క్లూనీ స్వేచ్ఛ’ అనే పదబంధాన్ని 30 పంక్తుల్లో విమర్శించండి. మీ సమాధానంలో రైతు గురించి మీరు చెప్పే ప్రతి మాటకూ ఆధారం ఎవరు రాసిన పత్రమో పేర్కొనండి.